మౌనీ, మెరుపూ, ఒక కిటికీ

రేడియో లాంటి బావమరిది పగవాడికి కూడా వద్దు. గిటార్ల మేస్త్రి ఈ మాట ఇరవై రెండేళ్ళుగా అంటూనే ఉన్నాడు. పొద్దున షాపు తలుపు తీసింది మొదలు సాయంత్రం తాళం పడేదాకా వాగుతూనే ఉంటాడు కాబట్టి వాడికి రేడియో అని పేరు. నిజం రేడియోకైనా చెవి మెలిపెడితే నోరు మూతపడుతుంది. వీడిని చేసేటప్పుడు దేవుడు ఆ మర బిగించడం మరిచిపోయాడు.

వాగితే వాగాడు. చెవుల్లో దూది పెట్టుకునైనా బతకొచ్చు. కానీ ఈ మధ్య వాడి కన్ను కిటికీ మీద పడింది. మేస్త్రి కడుపు రగిలింది అక్కడే.

షాపు మామగారిది. పోతూ పోతూ కొడుక్కీ అల్లుడికీ కలిపి రాశాడు. పెద్దాయనకి ఇద్దరి మీదా ప్రేమ సమానమని చుట్టాలంతా మెచ్చుకున్నారు. ఇద్దరినీ ఒకే బోనులో తోసి పైనుంచి చూసి నవ్వుకోవాలన్నది ముసలాయన ఎత్తు అని మేస్త్రి నమ్మకం. ఎడమవైపు మేస్త్రి గిటార్ల రిపేరు, కుడివైపు రేడియో పాత రికార్డుల అమ్మకం. మధ్యలో గోడ లేదు. నేల మీద ఒక సుద్దగీత ఉంది. వారానికోసారి నేల తుడిచేది రేడియో, తుడిచాక గీత మళ్ళీ గీసేదీ రేడియోనే. గీసినప్పుడల్లా ఆ గీత ఎడమవైపుకి రెండు వేళ్ళు జరుగుతుంది. అడిగితే, "భూమి తిరుగుతోంది కద బావా" అంటాడు.

షాపు మొత్తానికి వీధివైపు ఉన్నది ఒకటే కిటికీ. దాని కింద మేస్త్రి బల్ల. గిటారు మెడ మీద అడ్డంగా సన్నటి లోహపు పట్టీలుంటాయి, ఫ్రెట్లంటారు. అన్నీ ఒక్క ఎత్తులో ఉండాలి. ఒక్కటి వెంట్రుకవాసి పైకి లేచినా తీగ దానికి తగిలి జుయ్యిమంటుంది. ఆ వెంట్రుకవాసి తేడా ట్యూబులైటు కింద దొరకదు. పగటి వెలుతురు పక్కనుంచి వాలుగా పడాలి. ఒక కన్ను మూసి మెడ పొడవునా చూస్తే, తప్పు చేసిన పట్టీ నీడ కాస్త పొడుగ్గా సాగి తనంతట తనే పట్టుబడుతుంది. ఏడో తరగతిలో బడికి దణ్ణం పెట్టిన మేస్త్రికి తెలిసిన శాస్త్రమంతా ఆ నీడలోనే ఉంది. యాభై దాటాక ఆ నీడ కూడా బతిమాలితే తప్ప కనపడటం లేదు. ఇలాంటప్పుడు కిటికీ పోయిందంటే కన్ను పోయినట్టే.

రేడియోకి కిటికీ ఎందుకంటే, మూయడానికి.

"ఇక్కడ నాలుగు కుర్చీలేస్తాను బావా. ఆ కిటికీకి మందపాటి తెర కట్టేస్తాను. ఎండ తగిలితే రికార్డులు ఎండుటాకుల్లా వంకరపోతాయి. జనం వచ్చి చీకట్లో కూర్చుని కళ్ళు మూసుకుని వింటారు."

"కళ్ళు మూసుకునేవాడికి చీకటెందుకురా?"

"మూసుకోవడం మరిచిపోయేవాళ్ళుంటారుగా."

"నేను వెలుగు లేక చస్తుంటే, ఉన్న వెలుగుకి నువ్వు ముసుగేస్తావా?"

"ఇరవై రెండేళ్ళు నువ్వు వాడుకున్నావు. నేనేమైనా అన్నానా?"

"అన్నావు. రోజూ అన్నావు. నీ నోరు ఎప్పుడు మూతపడిందని?"

ఈ బావాబావమరుదుల్ని ఒకే గదిలో కట్టి ఉంచిన తాడు ఒకటుంది. అదే ప్రోగ్రెసివ్ రాక్. ఆ పాటలకి ఒక లక్షణం ఉంది. పాట మొదలైనప్పుడు పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోతే, పాట అయ్యేసరికి నీళ్ళు ఇగిరి, గిన్నె మాడి, పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొడతారు. అంత పొడుగు. తాళం కూడా తిన్నగా నడవదు. ఏడు దెబ్బలకోసారి మలుపు తిరుగుతుంది, అలవాటు పడేలోపు పదకొండుకి మారుతుంది. కాలితో తాళం వేద్దామనుకున్నవాడు కాలు మడతపడి కూర్చుంటాడు. ఊళ్ళో ఈ పాటలు వినేవాళ్ళు ముగ్గురే. ఇద్దరు ఈ షాపులో ఉన్నారు. మూడోవాడు పై అంతస్తులో పళ్ళ డాక్టరు. ముప్ఫై ఏళ్ళుగా నోరు తెరిచి పడుకున్న మనుషులతోనే మాట్లాడటం వల్ల, ఎదుటివాడు తిరిగి జవాబు చెబుతాడన్న సంగతే ఆయనకి గుర్తుండదు.

వాళ్ళ ముగ్గురికీ ప్రతి శనివారం మధ్యాహ్నం ఒకటే తగువు. ప్రోగ్రెసివ్ రాక్‌లో అందరికన్నా గొప్ప గిటారిస్టు ఎవడు?

మేస్త్రి దేవుడు ఒక్కడే. వాడు చేసిన రికార్డూ ఒక్కటే. ఒకే ఒక్క పాట, మాటల్లేవు, గిటారే. పదహారు నిమిషాలు. తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. వాడి పేరు నోరు తిరక్క, వాయింపు తీరుని బట్టి మేస్త్రి 'మౌని' అని పెట్టుకున్నాడు. ఒక్కో స్వరం బావిలో రాయి వేసినట్టు వేస్తాడు. అది అడుగుకి చేరి చప్పుడు వచ్చేదాకా ఆగి, అప్పుడు రెండో రాయి. ఆ లోతు మామూలు గిటారులో రాదు. దాని కోసం మేస్త్రి రెండేళ్ళు తంటాలుపడి మెడ నాలుగంగుళాలు పొడుగు పెట్టి, తాళ్ళంత మందం తీగలు బిగించి, ప్రత్యేకంగా ఒక గిటారు చేసుకున్నాడు.

"ఇది గిటారా బావా, మేడెక్కే నిచ్చెనా?" అన్నాడు రేడియో దాన్ని చూసి.

రేడియో దేవుడు వేరు. పదకొండు రికార్డులు చేసినవాడు. వేళ్ళు కంటికి కనపడవు కాబట్టి వాడు 'మెరుపు'. మేస్త్రి దృష్టిలో మాత్రం వాడు కుట్టుమిషను. "టకటకటకా జేబు కుట్టేస్తాడు, కాలరు కుట్టేస్తాడు, చొక్కా మటుకు తయారవదు" అంటాడు. రేడియో ఊరుకుంటాడా? మౌనికి నిద్రమాత్ర అని పేరు పెట్టాడు. "రాత్రి అన్నం తిన్నాక ఒకటి" అని డాక్టరు చీటీ రాస్తున్నట్టు గాల్లో రాసి చూపిస్తాడు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు ఇద్దరూ పదేళ్ళు వాదించుకున్నారు. కిటికీ గొడవ వచ్చాక ఆ రెండు తగువులూ ఒకదానిలో ఒకటి దారాల్లా చిక్కుపడ్డాయి. మేస్త్రి "కిటికీ ఇవ్వను" అంటే రేడియో "నిద్రమాత్రకి వెలుతురెందుకు" అనేవాడు. రేడియో "తెర కడతా" అంటే మేస్త్రి "కుట్టుమిషను ఉందిగా, కుట్టించుకో" అనేవాడు.

విని విని పళ్ళ డాక్టరు చెయ్యెత్తాడు.

"నొప్పున్న పన్ను పీకెయ్యాలి. పందెం వేసుకోండి. గెలిచినవాడిదే కిటికీ."

"ఎవడు గొప్పో తేల్చేదెవరండీ?" అన్నాడు మేస్త్రి.

"మీ చెవులే. మధ్యలో తెర కడదాం. తెర వెనక రెండు ముక్కలు వేస్తారు, ఒక్కోటి ఒక్క నిమిషం. ఎవరిదో చెప్పరు. ఒకటి నీవాడిది, ఒకటి వాడివాడిది కావచ్చు, రెండూ ఒకడివే కావచ్చు. మీరు పదికి మార్కులు వెయ్యాలి. వేశాక పేర్లు బయటపెడతాం. తన దేవుడికి తనే తక్కువ వేసి, ఎదుటివాడి దేవుడికి ఎక్కువ వేసినవాడు ఓడినట్టు. ఇద్దరూ తడబడకపోతే అప్పుడు నా మార్కులు."

"మరి తెర వెనక ఎవరు?"

ఇద్దరికీ నమ్మకమైన మనిషి ఒక్కతే. మేస్త్రి భార్య. రేడియోకి అక్క. ఆమెకి ఈ పాటలంటే పడదు. మౌని అన్నా మెరుపన్నా ఆమెకి ఒకటే తలనొప్పి. పద్దెనిమిదేళ్ళుగా మందుల షాపులో పని. సీసా మీద చీటీ అటూ ఇటూ తిప్పి పూర్తిగా చదవకుండా ఎవరి చేతికీ ఇవ్వదు. ఇంట్లో ఉప్పుడబ్బా మీద కూడా ఏ తేదీన నింపిందో రాసి అంటిస్తుంది.

"రాత కూడా ఉండాలమ్మా" అన్నాడు డాక్టరు ఆమెతో. "వేసిన రికార్డు పేరు అందులో ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి పెట్టు. రేపు ఎవరూ మాట మార్చకుండా."

"సరేనండి" అందామె. "ఆదివారం మూడింటికి వస్తాను. నాలుగుకల్లా నన్ను వదిలెయ్యాలి."

గెలుపు ఖాయమని మేస్త్రికి తెలుసు. మౌని రికార్డులో ఏ క్షణాన ఏ తీగ మూలుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అయినా కిటికీ కిటికీనే. శనివారం సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించాడు.

"ఏమే, రేపు మావాడిది వేసినప్పుడు ఒక్కసారి దగ్గుతావా?"

"మీవాడి పాట మీకు తెలియదా ఏంటి?"

"తెలుసు."

"మరి దగ్గెందుకు?"

"తాళం వేశాక కూడా ఒకసారి లాగి చూడమూ? అలాగ."

"నాకు దగ్గు రాదండీ. దగ్గి మూడేళ్ళైంది."

"మందుల షాపులో అంతమంది దగ్గుతుంటారు. ఒక్కటి అరువు తెచ్చుకోలేవా?"

ఆమె గరిటె పక్కన పెట్టి అతన్ని ఎగాదిగా చూసింది. "ఒక్కసారే దగ్గుతా. రెండోసారి అడిగితే సిరప్పు మీ గొంతులో పోస్తా."

పని అయింది అనుకుని బయటికి వచ్చి మెట్ల మీద కూర్చోబోతే, కింద గేటు దగ్గర రేడియో కనపడ్డాడు. "అక్కతో పనుంది బావా" అంటూ పక్కనుంచి పైకి వెళ్ళాడు. వంటింట్లో అక్కాతమ్ముళ్ళ గుసగుస. పది నిమిషాలు. ఎప్పుడూ వీధి చివరికి వినపడే నోరు, ఆ పది నిమిషాలు గుసగుసలాడింది. కిందికి దిగేటప్పుడు వాడు బావని చూసి నవ్వాడు కూడా.

మేస్త్రి గుండెలో రాయి పడింది. అదేం మౌని వేసే రాయి కాదు.

"ఏంటట వాడు?" అన్నాడు లోపలికి వెళ్ళి.

"ఏం లేదు. మందు అడిగాడు."

"ఏం మందు?"

"అది చెప్పకూడదు. మా షాపులో రూలు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం మేస్త్రి. తను దగ్గు అడిగాడు కాబట్టి వాడూ ఏదో అడిగే ఉంటాడు. ఎంత మొగుడైనా మొగుడు నిన్నగాక మొన్న వచ్చినవాడు, తమ్ముడు పుట్టుకతో వచ్చినవాడు. ఆ లెక్క ఆడదానికి చెరిగిపోతుందా? మేస్త్రి అటూ ఇటూ దొర్లి, తెల్లారేసరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. దగ్గుని నమ్మకూడదు. చెవినే నమ్మాలి.

ఆదివారం మూడింటికి షాపు షట్టరు సగం దించారు. రేడియో రికార్డుల అరలకీ మేస్త్రి గోడ మేకుకీ మధ్య ఒక దుప్పటి కట్టారు. దుప్పటికి అవతల రికార్డు ప్లేయరు, రేడియో ఇచ్చిన పదకొండు రికార్డులు, మేస్త్రి ఇచ్చిన ఒక్కటి. మేస్త్రి దాన్ని పసిపిల్లని అందించినట్టు రెండు చేతులా అందించాడు. తెల్ల కాగితం కవరు. లోపల రికార్డు మధ్యన గుండ్రటి పెద్ద కాగితం అంటించి ఉంది. 'అమ్మకానికి కాదు' అని మేస్త్రి చేతిరాత. అది రికార్డుల మూటలో కొట్టుకొచ్చిన రోజునే, రేడియో చెయ్యి పడకుండా అంటించాడు. అప్పట్నించి వాడిని వేలితో తాకనివ్వలేదు.

దుప్పటి ఇవతల మూడు స్టూళ్ళు. ముగ్గురి చేతుల్లో కాగితం, పెన్సిలు. అవతల నుంచి స్పిరిటు వాసన వచ్చింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు మేస్త్రి.

"నా పని నేను చేస్తున్నా. మాట్లాడకండి."

"సూదేస్తుందేమో బావా" అన్నాడు రేడియో. "నిద్రమాత్రకి బదులు."

"మొదటిది" అందామె.

ముల్లు దిగింది. చిటపటమంది. మొదటి స్వరం పడిందో లేదో, దాని వెనకే నలభై స్వరాలు తోసుకుంటూ వచ్చాయి. చెప్పక్కర్లేదు, మెరుపే. రేడియో అప్పటికే కళ్ళు మూసి తలాడిస్తున్నాడు. మేస్త్రి చెవి రిక్కించాడు. అవతల దగ్గు లేదు. పెన్సిలు నాలిక్కి అద్ది రెండు వేశాడు. అది కూడా, జేబు బాగా కుట్టాడని.

"రెండోది."

ముల్లు మళ్ళీ చిటపటమంది. ఈసారి గిటారు గెంతుతూ వచ్చింది. పలచటి గొంతు, చురుకైన నడక. మెట్లు రెండేసి దిగే పిల్లలాగా స్వరం మీంచి స్వరం మీదికి దూకుతోంది, మధ్యలో టక్కున ఆగుతోంది, ఆగిన చోట నవ్వుతోంది. ఎక్కడో విన్నట్టే ఉంది మేస్త్రికి. వినకేం? సుద్దగీతకి అవతల రోజూ తిరిగే పదకొండు రికార్డుల్లో ఇదొకటి అయి ఉంటుంది.

అప్పుడే దుప్పటి వెనక ఒక దగ్గు వినపడింది. చక్కటి దగ్గు. గొంతు సవరించుకుని, సమయం చూసుకుని, మందులషాపు శుభ్రతతో దగ్గిన దగ్గు.

మేస్త్రి ఒళ్ళు మండిపోయింది. ఇదన్నమాట అక్కాతమ్ముళ్ళ గుసగుస! కుట్టుమిషనుకి దగ్గించి, అది మౌని అనుకుని తన చేత పదికి పది వేయించాలని! ఏకై వచ్చి మేకైన బావమరిది సరే, అగ్ని చుట్టూ... ఆ మాట తలుచుకునే ఓపిక కూడా లేకపోయింది.

"కోతి కొమ్మలు మారుతోంది" అన్నాడు పైకే. "దాని చేతికి గిటారు ఎవడిచ్చాడో!"

"ష్" అన్నాడు రేడియో. వాడు ముందుకి వంగి, నోరు కొద్దిగా తెరిచి వింటున్నాడు. ఇరవై రెండేళ్ళలో వాడి నోరు తెరుచుకుని ఉండి కూడా శబ్దం రాకపోవడం అదే మొదలు.

నిమిషం అయింది. ముల్లు లేచింది. మేస్త్రి కాగితం మీద రెండో అంకె వేశాడు. గుండ్రంగా, నింపాదిగా, కాగితం చిరిగేంత గట్టిగా. సున్నా.

"ముందు నువ్వు చెప్పవయ్యా మేస్త్రీ" అన్నాడు డాక్టరు.

"మొదటిదానికి రెండు. రెండోదానికి సున్నా. రెండూ వీడివాడివే. రెండోది వాడు ఇంకా గిటారు నేర్చుకుంటున్నప్పటిది. ఆ వేళ్ళల్లో దమ్ము లేదు, మనసు లేదు. మావాడైతే ఆ ఒక్క నిమిషంలో మూడంటే మూడు స్వరాలు వేసి మీ ప్రాణం తీసుకెళ్ళేవాడు."

"నువ్వో?"

రేడియో తల గోక్కున్నాడు. "మొదటిది మావాడిది. కళ్ళకి గంతలు కట్టినా చెబుతా. పది. రెండోది... రెండోది ఎవరు డాక్టరుగారూ? మావాడు కాదు. మావాడు ఆగడు, వీడు ఆగుతున్నాడు. ఆగి నవ్విస్తున్నాడు. తొమ్మిది వేశాను. సిగ్గుపడి ఒకటి తగ్గించాను గానీ..."

"నేను రెండోదానికి పది వేశాను" అన్నాడు డాక్టరు. "అమ్మా, కాగితం తీసుకురా."

ఆమె దుప్పటి తప్పించుకుని వచ్చింది. చేతిలో చీటీ. మందుల పేర్లు చదివే గొంతుతో మొదటి పేరు చదివింది. మెరుపు అసలు పేరే. తర్వాత రెండో పేరు చదివింది.

మేస్త్రి నవ్వాడు. "తప్పు చదివావు. అది మావాడి పేరు."

"మీవాడి రికార్డే వేశాను."

"మౌనిదా? నా చెవిలో పువ్వు పెడతావా? మౌని అలా గెంతుతాడా?"

"నాకేం తెలుసండీ? తెల్ల కవర్లోది తీశాను. పేరు రాయమన్నారుగా డాక్టరుగారు, దాని మీద మీ కాగితం అడ్డంగా ఉంది. స్పిరిటుతో తడిపి ఊడదీశాను. కింద పేరుంది, రాశాను. పేరు కింద నలభై ఐదు అని ఉంది. ప్లేయరు మీద కూడా ముప్ఫై మూడు, నలభై ఐదు అని బొత్తాం ఉంది కద. మీరు ముప్ఫై మూడులో ఉంచారు. చీటీలో ఎంతుంటే అంతే ఇవ్వాలి కదాని నలభై ఐదుకి తిప్పాను. పైగా దగ్గాను కూడా."

 

రేడియో లేచి దుప్పటి వెనక్కి వెళ్ళాడు. రికార్డు వెలుతురులోకి ఎత్తి చూశాడు. పెదాలు బిగించి నవ్వు ఆపుకోవాలని చూశాడు, అది ముక్కులోంచి వచ్చింది.

"బావా... నిమిషానికి నలభై ఐదు చుట్లు తిరగాల్సిందాన్ని ముప్ఫై మూడులో తిప్పావు బావా. ఇరవై రెండేళ్ళు. చీటీ మీద చీటీ అంటించి. ఇలాంటివి నెలకి రెండు చూస్తా నేను. ఒక్కసారి నా చేతికిచ్చి ఉంటే తాకి చెప్పేవాణ్ణి కద!"

"అంటే..." అన్నాడు డాక్టరు, "మౌని మౌని కాడు."

"వాడు మంచి హుషారైన మనిషండీ. బావే వాడికి మత్తిచ్చాడు."

మేస్త్రి ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. బావిలో రాళ్ళు, ఆ లోతు, ఆ నిట్టూర్పు. రెండేళ్ళు పట్టిన మెడ. "వీడి గిటారు చేసిన చెట్టు నీళ్ళలో నానినదై ఉంటుంది" అని రిపేరుకొచ్చిన ప్రతివాడికీ చెప్పిన సిద్ధాంతం. ఒక్క బొత్తాం.

"మళ్ళీ వెయ్యి" అన్నాడు. "నా స్పీడులో."

రేడియో ముప్ఫై మూడుకి తిప్పి అదే చోట ముల్లు దించాడు. అదే పాట నడుం విరిగి, నిదానంగా, ఒక్కో స్వరం అడుగంటా దిగుతూ వచ్చింది. మౌని. అక్కడే ఉన్నాడు. ముగ్గురూ తలొంచుకుని విన్నారు. ఆమె కూడా నాలుగైందని గుర్తు చేయలేదు.

"ఇదే గొప్ప" అన్నాడు మేస్త్రి మొండిగా.

"కాదని ఎవరన్నారు బావా?" అన్నాడు రేడియో. మొదటిసారి వాడి గొంతులో ఎకసెక్కం లేదు. "ఆ మనిషి వాయించింది పన్నెండు నిమిషాలే. నువ్వు విన్నవి పదహారు. ఆ నాలుగు నిమిషాలు నీవే."

మేస్త్రికి ఆ మాట తీపిగానే తగిలింది, ఒక్క క్షణం. ఆ వెంటనే తన బావమరిది తీపి మాట ఎప్పుడంటాడో గుర్తొచ్చింది. ఏదైనా పట్టుకుపోయే ముందు అంటాడు.

"డాక్టరుగారూ" అన్నాడు తొందరగా, "ఆ ముక్కకి మీరు పది వేశారు, వీడు తొమ్మిది వేశాడు. ముగ్గురి మార్కులూ కలిపితే మావాడే ఎక్కువ. అంటే అందరికన్నా గొప్ప గిటారిస్టు మావాడే. తేలిపోయింది కద?"

డాక్టరు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "మెరుపుకి నువ్వు రెండు, వాడు పది, నేను ఆరు. పద్దెనిమిది. మీవాడికి పందొమ్మిది. నిజమేనయ్యా! పదేళ్ళ తగువు తేలింది. మీవాడే గొప్ప."

"హమ్మయ్య" అన్నాడు మేస్త్రి.

"ఒప్పుకున్నా" అన్నాడు రేడియో, చేతులు జోడించి. "మెరుపుని మించినవాడే. ఒక్క మార్కుతోనైనా మించాడు. ఆ విషయం నీ నోటితో ఎక్కడైనా చెప్పుకో బావా, నేను కాదనను."

"మరి కిటికీ?"

"కిటికీ సంగతి వేరు" అన్నాడు డాక్టరు విచారంగా, ఇంకా వేళ్ళు చూసుకుంటూనే. "తన దేవుడికి తనే తక్కువ వేసినవాడు ఓడినట్టు అనుకున్నాం. వాడు తనవాడికి పది వేశాడు, నీవాడికి తొమ్మిది. నిలబడ్డాడు. నువ్వేమో వాడివాడికి రెండు వేసి, నీవాడికి సున్నా చుట్టావు. ఒక్కటి వేసుంటే సరిపోయేదనుకోకు, మూడు వెయ్యాల్సింది."

"కోతి అని కూడా అన్నాడు" అన్నాడు రేడియో.

"దగ్గాను కదండీ" అంది భార్య. మేస్త్రి అటు తిరిగాడు. "అడిగినట్టే దగ్గాను. ఎందుకు నమ్మలేదు?"

"దగ్గేంటి? ఏం దగ్గు?" అన్నాడు డాక్టరు.

"నిన్న సాయంత్రం మీ తమ్ముడు వచ్చి చెవిలో ఏం ఊదాడో నాకు తెలియదా?" అన్నాడు మేస్త్రి. అది గొణుగుడులాగే బయటికొచ్చింది.

ఆమె తమ్ముడి వంక చూసింది. రేడియో సిగ్గుపడుతూ తలూపాడు.

"చెవి నొప్పికి చుక్కలు అడిగాడు. ఒక చెవి సరిగ్గా వినపడటం లేదట. పందెం ముందు మీకు తెలిస్తే ఎక్కిరిస్తారని గుట్టుగా అడిగాడు."

ఒంటి చెవివాడు పట్టుకున్నాడు, రెండు చెవులున్నవాడు పట్టుకోలేకపోయాడు. భార్య చేతిసంచి భుజాన వేసుకుంటూ, "పరాయి మనిషి చీటీ నమ్ముతారు గానీ ఇంట్లో దగ్గుని నమ్మరు" అంది. ఆ మాట కోసం ఆమె వెతుక్కున్నట్టు లేదు. అలా నోటికొచ్చింది, అనేసింది. మేస్త్రికి సున్నా కన్నా అదే గట్టిగా తగిలింది.

రేడియో మెత్తబడతాడేమోనని ఒక్క క్షణం ఆశ పడ్డాడు. అక్క మొహం చూసైనా "పోనీలే బావా" అంటాడేమోనని. వాడు జేబులోంచి టేపు తీశాడు. ఆదివారం పూట టేపు జేబులో వేసుకుని వచ్చాడంటే, వాడు ఎంత నమ్మకంగా వచ్చాడో చూడండి.

"కిటికీ కింద జాగా కొలిచి రాసుకుందాం బావా. రేపు మాటామాటా రాకూడదు. నేను రాసింది నువ్వు నమ్మవు కాబట్టి అంకె నువ్వే చదువు."

మేస్త్రి బల్ల రెండు వైపులా పట్టుకుని వెనక గోడ దాకా జరిపారు. బల్ల ఉన్న చోట నేల మీద, ఇన్నేళ్ళు ఎండ తగలని నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి. గిటారు మెడ ఒకటి బల్ల మీదే ఉంది, సోమవారం ఇవ్వాల్సినది. మేస్త్రి దాన్ని ట్యూబులైటు కింద ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. పట్టీలన్నీ సమానంగా కనపడ్డాయి. ఒకటి అబద్ధం చెబుతోందని తెలుసు, ఏదో తెలియలేదు.

టేపు ఒక కొస కిటికీ కింద గోడకి డాక్టరు నొక్కి పట్టుకున్నాడు. రెండో కొస మేస్త్రి చేతిలో పెట్టారు. అతను వంగి, అద్దాలు ముక్కు చివరికి జరుపుకుని, ఒకసారికి రెండుసార్లు చూసి చదివాడు. గోడ వెంట పొడవు తొమ్మిది అడుగుల నాలుగంగుళాలు. గోడ నుంచి లోపలికి నాలుగున్నర అడుగులు. గుణించి కాగితం మీద రాసింది రేడియో, తప్పుందేమోనని మళ్ళీ గుణించింది మేస్త్రి. సరిగ్గా నలభై రెండు చదరపు అడుగులు, కిటికీ కాక.